గన్నేరు చిమ్మట



మదీనత్ ఖలీఫాలోని మన సాయంకాలపు తెలుగు తరగతికి ఒకనాడు ఒక బాలుడు టిఫిన్ డబ్బాలో పురుగును తెచ్చాడు. వేలెడంత పొడవు, ఆకుపచ్చని ఒళ్ళు, తోక మీద చిన్న కొమ్ము, తల వెనుక రెండు నీలి కళ్ళు. "మాస్టారూ, దీని పేరేమిటి?" అన్నాడు. "పురుగు" అన్నాము. అది జవాబు కాదని వాడి మొహమే చెప్పింది.

తరువాత పుస్తకాలు తిరగవేశాము. అది గన్నేరు చిమ్మట పిల్ల. ఆ నీలి కళ్ళు కళ్ళు కావు, పిట్టలను బెదిరించే మచ్చలు. 1758లో లిన్నేయస్ దీనికి గన్నేరు పేరే పెట్టాడు. నేటి శాస్త్రనామం డాఫ్నిస్ నేరియై. గన్నేరు ఆకు మనిషికీ పశువుకూ విషం. ఈ పురుగుకు అదే అన్నం. నందివర్ధనం, బిళ్ళగన్నేరు ఆకులు కూడా తింటుంది.

కొన్నాళ్ళకు పురుగు మేత మానింది, రంగు గోధుమకు తిరిగింది. "చచ్చిపోతున్నది, పారవేయి నాయనా" అన్నాము. వాడు వినలేదు. డబ్బాలో ఎండుటాకులు పరచి ఇంట్లో దాచుకున్నాడు. వాడిదే సరైన బుద్ధి. ప్యూపాగా మారేముందు దాని రంగు మారడం సహజమే. రెండు వారాలకు అందులోనుంచి చిమ్మట వచ్చింది. రెక్కలు చాచితే సుమారు పది సెంటీమీటర్లు. ఆకుపచ్చ మీద తెలుపు, గులాబి చారలు. మునిమాపువేళ వదిలిపెట్టాము.

"ఇది ఏ దేశానిది మాస్టారూ?" అని పిల్లలు అడిగారు. ఆఫ్రికా, దక్షిణాసియా దీని పుట్టిళ్ళు. వేసవిలో ఐరోపాకు ఎగిరిపోతుంది; అక్కడి చలికి నిలవలేదు. హవాయి దీవులలో 1974లో మొదటిసారి కనబడింది. ఆంధ్రదేశపు పెరటి గన్నేరు మీదా బతుకుతుంది, ఎడారి ఊళ్ళలో నీరు పోసి పెంచిన గన్నేరు మీదా బతుకుతుంది. తినే ఆకు దొరికిన చోట గుడ్లు పెడుతుంది. అంతకు మించిన జవాబు మా దగ్గర లేదు. మూడు తరాలుగా ఊళ్ళు మారిన మనవంటి కుటుంబాలకు అది చాలు.

తల్లిదండ్రులకు ఒక మనవి. గన్నేరు ముట్టిన పిల్లల చేతులు కడిగించండి. నాలుగు ఆకులు కొరికిందని మొక్కకు మందు కొట్టకండి. గన్నేరు, నందివర్ధనం, చిమ్మట అనే మాటలు పిల్లలచేత పలికించండి. పేరు తెలియని ప్రాణిని పారవేయమనడం ఎంత తేలికో మేము స్వయంగా చూశాము.

సెలవు.