పండుగ మర్నాటి అంకె
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. బకాయిల మీద మాట్లాడే వేదికపై నా చక్కెర వ్యాధి గురించి మాట్లాడమన్నారు కార్యదర్శిగారు. బకాయిల సంగతి ఆయనే చూసుకుంటారు గనుక ఒప్పుకున్నాను.

నాకు టైపు టూ మధుమేహం వచ్చి పద్నాలుగేళ్ళు. రెండు పూటలా మెట్‌ఫార్మిన్, ఉదయం టిఫినుకు ముందు ఒక గ్లిమిపెరైడ్ మాత్ర. ఇంట్లో గ్లూకోమీటరు ఉంది. ముప్పైరెండేళ్ళు ట్రెజరీలో బిల్లులు సరిచూసినవాణ్ణి, అంకె నన్ను మోసం చేయలేదనుకునేవాణ్ణి.

2024 కనుమ నాటి రాత్రి పిల్లలందరితో కలిసి పులిహోర, గారెలు, కోడికూర, పైన రెండు నేతి బొబ్బట్లు తిన్నాను. రెండు గంటల తరువాత చూస్తే 162. మా ఆవిడకు ఆ మీటరు చూపించి, "అనవసరంగా భయపెడతావు" అని గర్వంగా పడుకున్నాను. తెల్లవారి పరగడుపున చూస్తే 236! రాత్రంతా ఏమీ తినలేదే, ఎలా పెరిగింది?

ఇక్కడే నేను చేసిన పని వినండి. ఎవరినీ అడగకుండా గ్లిమిపెరైడ్ ఒకటికి రెండు వేసుకున్నాను. రాత్రి తిన్నదానికి ప్రాయశ్చిత్తంగా టిఫిను మాని మజ్జిగ తాగాను. పదకొండు గంటలకు పేపరు చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోయాయి. చొక్కా తడిసేటంత చెమట, చేతులు వణుకు. కోడలు వేలు గుచ్చి చూస్తే 54. మా ఆవిడ కంగారులో అరిసె తెచ్చింది. "వద్దత్తయ్యా, నూనెది నెమ్మదిగా పనిచేస్తుంది" అని కోడలు మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించింది. పదిహేను నిమిషాలకు 81. అప్పుడు ఇడ్లీ పెట్టారు. స్పృహ తప్పి ఉంటే నోట్లో ఏమీ పోయకూడదట, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలట.

సాయంత్రం డాక్టరుగారు బాగానే చీవాట్లు పెట్టారు. నెయ్యి, నూనె ఎక్కువైన భోజనం కడుపులోంచి నెమ్మదిగా కదులుతుంది. రెండు గంటలకు చూస్తే అసలు చక్కెర ఇంకా రక్తంలోకి రాలేదన్నమాట. చలానాలన్నీ రాకుండానే నేను క్యాషుబుక్కు మూసేశాను! పైగా తెల్లవారుజామున కాలేయం తన నిల్వలోంచి కొంత చక్కెర వదులుతుంది. మనవంటివాళ్ళ ఇన్సులిన్ దానిని ఆపలేదు. ఒక్కరోజు పెరిగితే మాత్ర మార్చకుండా, టిఫిను మానకుండా, మామూలుగా నడిచి మళ్ళీ చూసుకోమన్నారు. రెండు మూడు రోజులు అలాగే ఉంటే రమ్మన్నారు. విపరీతమైన దాహమో, వాంతులో ఉంటే ఆ రోజే రమ్మన్నారు. ఇంకొక మాట, బి.పి.కి వాడే కొన్ని మాత్రలు ఆ వణుకు, గుండెదడ తెలియనివ్వవట. చెమట మాత్రం పడుతుంది. మీ మాత్రల చీటీ ఒకసారి మీ డాక్టరుకు చూపించండి.

2025 సంక్రాంతికి బొబ్బట్టు ఒకటే తిన్నాను, అదీ మధ్యాహ్నం. సాయంత్రం మనవరాలికి బెల్లపు అరిసె తుంచి పెడుతూ, అదే చేతిని పంచెకు తుడుచుకుని వేలు గుచ్చుకుంటే 347 చూపించింది. నా గుండె ఆగినంత పనైంది. కోడలు సబ్బుతో చేయి కడిగించి, ఆరబెట్టి మళ్ళీ చూసింది. 174. వేలికంటిన బెల్లాన్ని కూడా మీటరు నా ఖాతాలోనే జమ వేసింది! ఆ రోజు మాత్ర డబ్బా మా ఆవిడ చేతిలోనే ఉంది, ఇవ్వనంది. ఇప్పటికీ ఆమె దగ్గరే ఉంటుంది.

భోజనాల్లో జిలేబీ ఉందని వాసన చెబుతున్నది. పంపు దగ్గర సబ్బు పెట్టించమని కార్యదర్శిగారికి మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.