కోనసీమ గాలి లెక్క

2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గ్యాసు గొట్టం పగిలి, ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారి స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసానికి హరితగృహ వాయువుల కొలత చరిత్రను విషయంగా తీసుకోవడం కొందరికి దూరపు సంగతిగా తోచవచ్చు. కానీ ఆనాడు నగరాన్ని కాల్చిన సహజవాయువులో అధిక భాగమైన మీథేనే, భూగోళాన్ని వేడెక్కిస్తున్న వాయువుల్లో కార్బన్ డయాక్సైడ్ తరువాత స్థానంలో ఉంది. కోనసీమ నేల నుంచి ఆ వాయువు రెండు దారుల్లో పైకి వస్తుంది. ఒకటి వేల అడుగుల లోతు నుంచి తోడే బావుల దారి, రెండోది మోకాలి లోతు నీరు కూడా ఉండని వరిచేల దారి. ఈ రెండింటిలో ప్రపంచం దేన్ని ముందు లెక్కలోకి తెచ్చింది, ఎవరి కొలబద్దతో కొలిచింది, ఆ కొలత భారం ఎవరి నెత్తిన పడింది అన్న ప్రశ్నల చుట్టూనే ఈ చరిత్ర నడిచింది.

సూర్యరశ్మితో వేడెక్కిన భూమి ఆ వేడిని తిరిగి పైకి పంపుతున్నప్పుడు, దానిలో కొంత భాగాన్ని పట్టి నిలిపే వాయువులను హరితగృహ వాయువులు అంటారు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో స్వీడన్ శాస్త్రజ్ఞుడు అరీనియస్ 1896లోనే లెక్క కట్టగా, ఆ పెరుగుదలను 1958 నుంచి హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద చార్లెస్ కీలింగ్ ఎడతెగకుండా కొలిచి చూపాడు. అప్పుడు గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 315 పాళ్లు ఉన్న ఆ వాయువు ఇప్పుడు 420 దాటింది. మీథేన్ గాలిలో పన్నెండేళ్ల పాటే నిలుస్తుంది కానీ, నూరేళ్ల లెక్కన చూస్తే ఒక టన్ను మీథేన్ సుమారు 28 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా వేడిని పట్టి ఉంచుతుంది. వేర్వేరు వాయువులను ఇలా ఒకే తూకంలోకి మార్చి చెప్పడాన్ని కార్బన్ డయాక్సైడ్ తుల్యాంకం అంటారు. దేశాల పద్దులన్నీ ఈ తుల్యాంకంలోనే రాస్తారు కాబట్టి, ఈ ఒక్క మాట అర్థమైతే మిగిలినదంతా సుగమమవుతుంది.

కోనసీమ వరి చరిత్రకు మొదలు ధవళేశ్వరం ఆనకట్ట. 1847లో ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో పని మొదలై 1852లో పూర్తయిన ఆ ఆనకట్ట నుంచి కాలువలు కోనసీమకు చేరాయి. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా అక్విడక్టు కట్టి నీటిని రాజోలు వైపు దాటించారు. అంతకు ముందు 1830ల కరువుల్లో ఆకలితో అల్లాడిన గోదావరి మండలం ఆ నీటితో దేశానికే అన్నం పెట్టే సీమ అయింది. సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) అనే రెండు పంటల క్రమం ఆ కాలువల మీదనే నిలిచింది. వరిచేల నుంచి వెలువడే మీథేన్ గురించి మాట్లాడే ప్రతివారూ ఈ సంగతిని తలచుకుని తీరాలి. ఎందుకంటే ఆ మీథేన్ విలాసం వల్ల పుట్టలేదు, కరువును జయించడంలో పుట్టింది.

నాట్లు వేసి నాలుగు వారాలు గడిచిన మడిలో అడుగు వేస్తే, పాదం చుట్టూ బురదలో నుంచి బుడగలు వస్తాయి. నీరు నిలిచిన నేలలోకి గాలి దిగకపోవడం వల్ల, అక్కడి ప్రాణవాయువు అయిపోయాక, దుబ్బులూ వేళ్లూ కుళ్లిన పదార్థాన్ని తిని బతికే ఒక రకం సూక్ష్మజీవులు మీథేన్‌ను తయారు చేస్తాయి. అయితే కంటికి కనిపించే ఆ బుడగల ద్వారా పోయేది తక్కువ. వేళ్లకు గాలి అందించడానికి వరి మొక్క తన కాండంలో ఏర్పరచుకున్న బోలు గొట్టాల గుండానే మీథేన్‌లో అత్యధిక భాగం పైకి వస్తుంది. దీన్ని కొలిచే పద్ధతి కూడా పొలంలో నిలబడి చేసేదే. నాలుగైదు దుబ్బులను కప్పేలా పారదర్శకమైన పెట్టెను బోర్లించి, అంచులు నీటిలో మునిగేలా చూసి, మొదట ఒకసారి, పావుగంట తరువాత ఒకసారి, అరగంట తరువాత ఒకసారి లోపలి గాలిని సిరంజితో తీసి, ప్రయోగశాలలో మీథేన్ ఎంత పెరిగిందో చూస్తారు. నాటిన నాటి నుంచి కోత దాకా, ఉదయం సాయంత్రం, ఎండలో వానలో ఈ పని సాగితేనే ఒక మడి లెక్క తేలుతుంది. ఇంత ఓపిక లేకుండా తేలిన లెక్కలు ఎలా ఉంటాయో 1990 నాటి వివాదం చూపింది.

ఆ సంవత్సరం అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ భారతదేశ వరిచేల నుంచి ఏటా సుమారు 3.78 కోట్ల టన్నుల మీథేన్ వెలువడుతోందని అంచనా వేసింది. ఈ అంకెకు ఆధారం భారతదేశపు మళ్లు కావు. ఎక్కువ సేంద్రియ పదార్థం, ఎడతెగని నీరు ఉండే పాశ్చాత్య దేశాల వరి క్షేత్రాల కొలతలను తెచ్చి, ఇక్కడి విస్తీర్ణంతో హెచ్చించారు. వాతావరణ ఒప్పందానికి చర్చలు మొదలవుతున్న వేళ ఈ అంకె నిలిచిపోయి ఉంటే, అర ఎకరం, ఎకరం కమతంలో పంట పండించే రైతు ప్రపంచ నేరస్థుల వరుసలో నిలబడవలసి వచ్చేది. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలకు చెందిన ఎ.పి. మిత్రా నాయకత్వంలో, దేశంలోని వివిధ వరి ప్రాంతాల్లో 1991లో పెట్టెలు బోర్లించి జరిపిన కొలతల ఉద్యమం దీనికి సమాధానం. ఆ కొలతల్లో తేలిన అంకె సుమారు 40 లక్షల టన్నులు, అంటే మొదటి అంచనాలో దాదాపు తొమ్మిదో వంతు. అదే 1991లో అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ తమ పుస్తకంలో, బతకడానికి తప్పనిసరైన ఉద్గారాలనూ, సుఖభోగాల కోసం చేసే ఉద్గారాలనూ ఒకే గాటన కట్టడం అన్యాయమని వాదించారు. వాదన ఎంత న్యాయమైనదైనా, మిత్రా బృందం బురదలో దిగి తెచ్చిన అంకె తోడు లేకపోతే అది అంత దూరం వెళ్లి ఉండేది కాదు. కొలత పేదవాడి పక్షాన నిలబడిన అరుదైన సందర్భాల్లో ఇది ఒకటి.

ప్రపంచ స్థాయి సూత్రాలు కూడా నెమ్మదిగా మారాయి. వాతావరణ మార్పుపై అంతర్ప్రభుత్వ సంఘం 2006లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, నీరు ఎప్పుడూ నిలిచి ఉండే వరి మడికి హెక్టారుకు రోజుకు 1.30 కిలోల మీథేన్ అనే ఒకే అంకెను ప్రపంచమంతటికీ పెట్టారు. 2019 సవరణలో ప్రాంతాలవారీ అంకెలు వచ్చి, దక్షిణాసియాకు అది 0.85 కిలోలయింది. 120 రోజుల పంటకు మొదటి అంకెతో హెక్టారుకు 156 కిలోలు, రెండో దానితో 102 కిలోలు. చేను అదే, రైతు అతడే, నీరు అదే. ఆసియా పొలాల్లో మరిన్ని పెట్టెలు బోర్లించినందువల్లనే లెక్కలో మూడో వంతు తగ్గింది.

ఇక బావుల దారి. 1970ల చివర నుంచి కృష్ణా గోదావరి బేసిన్‌లో చమురు సహజవాయు సంస్థ తవ్వకాలు సాగించడంతో, రాజోలు, తాటిపాక, పాశర్లపూడి, మోరి పేర్లు దేశ ఇంధన పటంలోకి ఎక్కాయి. బొగ్గుతో పోలిస్తే అదే కరెంటుకు గ్యాసు మండిస్తే వెలువడే కార్బన్ డయాక్సైడ్ దాదాపు సగమే కాబట్టి, కోనసీమ గ్యాసు దేశపు ఉద్గారాలను కొంత తగ్గించిందనడం సత్యమే. కానీ ఈ లెక్క నిలవాలంటే గ్యాసు దారిలో కారకూడదు. 1995 జనవరి 8న పాశర్లపూడి 19వ నంబరు బావి అదుపు తప్పి భగ్గుమంది. జనం నోట ఈనాటికీ 'బ్లో అవుట్' అనే మాటకు అర్థం ఆ మంటే. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ అయ్యాయి, కొబ్బరి చెట్లు మాడిపోయాయి, మార్చి 15న దాన్ని ఆర్పేదాకా రెండు నెలలకు పైగా ఆ మంట మండుతూనే ఉంది.

భారతదేశం ఐక్యరాజ్యసమితికి సమర్పించిన మొదటి ఉద్గారాల పద్దు 1994 సంవత్సరానిది, రెండోది 2000 సంవత్సరానిది. మొదటి పద్దులో దేశపు మొత్తం 122.8 కోట్ల టన్నుల తుల్యాంకంగా తేలింది, అందులో వరిచేల మీథేన్ 40.9 లక్షల టన్నులుగా దశాంశంతో సహా నమోదైంది. పాశర్లపూడి మంట ఈ రెండు పద్దుల మధ్య మండి ఆరిపోయింది. పైగా, ప్రాథమిక పద్ధతిలో చమురు, వాయు రంగపు లెక్కను, ఉత్పత్తి అయిన పరిమాణాన్ని ఒక స్థిరమైన గుణకంతో హెచ్చించి వేస్తారు. ఉత్పత్తిగా అమ్ముడుపోయినదాన్ని చూసే ఆ సూత్రానికి, అదుపు తప్పి గాలిలో కలిసినది కనిపించదు. కోనసీమ రైతు దుబ్బు దుబ్బుకూ లెక్క చెప్పవలసి వచ్చిన దశాబ్దంలోనే, పది ఊళ్లకు రాత్రిని పగలు చేసిన మంట పద్దుకు ఎక్కకుండా పోయింది. ఈ చరిత్రలో సరిదిద్దవలసిన అసలు లోపం ఇదే.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. మండిన మీథేన్ టన్నుకు 2.75 టన్నుల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, మండకుండా కారిపోయిన టన్ను మాత్రం 28 టన్నులతో సమానం. అంటే వాతావరణం దృష్టిలో కంటికి కనిపించే మంట కంటే కనిపించని లీకు పది రెట్లు చెడ్డది. సహజవాయువుకు స్వతహాగా రంగూ వాసనా ఉండవు. వంటింటి సిలిండరు గ్యాసుకు వచ్చే ఘాటు వాసన జాగ్రత్త కోసం కలిపిన మెర్కాప్టాన్ అనే పదార్థానిది. నగరం గ్రామంలో గ్యాసుతో పాటు వచ్చిన నీరు గొట్టాన్ని లోపలి నుంచి తినివేసింది. రాత్రి కారిన వాయువు చుట్టూ పరుచుకుని, తెల్లవారి మొదటి నిప్పు కోసం కాచుకుని ఉంది. లీకును కొలిచి పట్టుకునే ఏర్పాటు వాతావరణానికి ఎంత అవసరమో, గొట్టం పక్కన నిద్రపోయే పసివాడికీ అంతే అవసరమన్నది ఈ సభ మరచిపోలేని సంగతి.

కొలత చట్టంగా మారితే ఏమవుతుందో నార్వే చూపింది. 1991లో సముద్రంలోని చమురు, వాయు క్షేత్రాల మీద ఆ దేశం కార్బన్ పన్ను వేయగా, స్లైప్నర్ క్షేత్రంలో గ్యాసు నుంచి వేరు చేసిన కార్బన్ డయాక్సైడ్‌ను గాలిలోకి వదలడం కంటే భూగర్భంలో దాచడమే చౌక అని తేలి, 1996 నుంచి ఏటా దాదాపు పది లక్షల టన్నులు సముద్రం అడుగున రాతిపొరల్లోకి పంపారు. 1992 రియో ఒప్పందం, 1997 క్యోటో ఒడంబడిక, 2015 పారిస్ ఒప్పందం దేశాల మధ్య బాధ్యతలను పంచిన మైలురాళ్లు. వాటి వెంట 2005లో ఐరోపా కార్బన్ విపణి మొదలైంది, 2024లో ఐరోపా మీథేన్ చట్టం వచ్చి బావి బావికీ, కవాటం కవాటానికీ కొలత తప్పనిసరి చేసింది. భారతదేశంలో 2012లో పరిశ్రమల ఇంధన పొదుపు లక్ష్యాలతో మొదలైన పథకం, 2022 నాటి ఇంధన పొదుపు చట్ట సవరణతో 2023లో కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకంగా మారింది. 2025 అక్టోబరులో సిమెంటు, అల్యూమినియం, క్లోర్ ఆల్కలీ, కాగితం పరిశ్రమలకు ఉత్పత్తి టన్నుకు ఇంతకు మించి ఉద్గారం ఉండరాదనే లక్ష్యాలు నిర్ణయమయ్యాయి. ఆ మొదటి జాబితాలో గ్యాసు బావులు లేవు.

2021లో గ్లాస్గో సమావేశంలో ప్రకటించిన ప్రపంచ మీథేన్ ప్రతిజ్ఞలో భారతదేశం చేరలేదు. వరి, పశువుల మీద ఆధారపడిన చిన్న రైతుల బతుకు ఉద్గారాలను పరిమితుల్లోకి తేలేమన్నది దేశం చెప్పే వాదన. 2020 సంవత్సరపు పద్దు ప్రకారం దేశపు ఉద్గారాల్లో నాలుగింట మూడు వంతులు ఇంధన రంగానివి, వ్యవసాయానివి 14 శాతం లోపే. కనుక వరి విషయంలో ఆ వాదన పూర్తిగా న్యాయమైనది. అయితే రైతును అడ్డుపెట్టి చెప్పిన ఆ వాదన నీడలో బావులూ గొట్టాలూ తలదాచుకోవడం న్యాయం కాదు. చిన్న రైతుకు ఇచ్చిన మినహాయింపు గ్యాసు గొట్టానికి వర్తించదు.

వరిలో తగ్గింపుకు మార్గం ఉంది. రంధ్రాలు చేసిన అడుగు పొడవు ప్లాస్టిక్ గొట్టాన్ని మడిలో పాతి, అందులో నీటి మట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్లీ నీరు పెట్టడం ఆ పద్ధతి. పంటకాలంలో ఇలా పలుమార్లు ఆరబెడితే మీథేన్ 55 శాతానికి దిగుతుందని 2019 మార్గదర్శకాలు లెక్క వేస్తాయి. ఆ గుణకాలతో ఎకరాకు ఆదా అయ్యేది పంటకు సుమారు అర టన్ను తుల్యాంకం. అయితే నేల ఆరినప్పుడు నత్రజని ఎరువు నుంచి నైట్రస్ ఆక్సైడ్ అనే మరో వాయువు పెరుగుతుంది కాబట్టి, యూరియా వేసే వేళ, మోతాదు తెలియకుండా ఈ పద్ధతి పాటిస్తే లాభం హరించుకుపోతుంది. పైగా సార్వాలో నీరు ఎప్పుడు తీయాలో కోనసీమ రైతు చేతిలో లేదు. డ్రెయిన్లు పూడిపోయి, పై చేను నీరు కింది చేనులోకి, అక్కడి నుంచి ముంపులోకి పోయే చోట ఆరబెట్టమని చెప్పడం వ్యర్థం. 2011లో ఇక్కడి రైతులు పంట విరామం ప్రకటించి సార్వా వదిలేసినప్పుడు చెప్పిన కారణాల్లో గిట్టుబాటు ధరతో పాటు ఈ మురుగు కష్టమూ ఉంది. మురుగు కాలువల పూడిక తీయడం కోనసీమలో అన్నిటికంటే ముందు చేయవలసిన వాతావరణ కార్యక్రమం. కాలువల వంతుల మీద నీరు వచ్చే దాళ్వాలో మాత్రం ఆ గొట్టం ఈ ఏడే పాతవచ్చు.

గోదావరి వశిష్ఠ పాయ అవతల మార్టేరులో స్వర్ణ వంటి వరి వంగడాలను ఇచ్చిన పరిశోధనా స్థానం ఉంది. మీథేన్ కొలిచే పెట్టెలను రాజోలు, అమలాపురం, కొత్తపేట మళ్లలో రెండు పంటలూ బోర్లించి, కోనసీమ అంకెను కోనసీమ నేల మీదే తేల్చవలసిందిగా వ్యవసాయ శాస్త్రజ్ఞులకు ఈ సభ తరఫున విన్నపం. ప్రతి గ్యాసు బావి, ప్రతి గ్యాదరింగ్ స్టేషను, ప్రతి గొట్టపు మార్గం నుంచి ఎంత మండింది, ఎంత కారింది అన్న అంకెలను నెలనెలా ఆ ఊరి పంచాయతీ కార్యాలయం గోడ మీద తెలుగులో రాసి పెట్టవలసిందిగా సంస్థలకూ ప్రభుత్వానికీ డిమాండు. ఆ మొదటి పట్టిక నగరంలో పెట్టాలి.