పేరు పిలుచుట – పేరు తగిలించుట



బిలాస్‌పూరు రైల్వే కాలనీలో స్థిరపడిన ఆంధ్రునకు రెండు పేర్లు కలవు. ఒకటి తలిదండ్రులు పెట్టినది. రెండవది ‘మద్రాసీ’. ఈ రెండవది మొదట తిట్టు కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే వాల్తేరు వఱకు ఉండుటచే శ్రీకాకుళము, విశాఖ ప్రాంతములవారు ఆ కొలువులకు వచ్చిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడు వఱకు ఆ సీమలు మద్రాసు రాష్ట్రములోనివే. నాడు ఆ మాట చిరునామా. చిరునామా మాఱి డెబ్బది యేండ్లు దాటినను మాట మాఱలేదు. నాలుగు భాషలవారిని అది ఒకే గాట కట్టివేయుచున్నది.

1968 నాటి ‘పడోసన్’ హిందీ చిత్రమున మెహమూద్ ధరించిన దక్షిణాది సంగీతోపాధ్యాయుని పాత్ర ఎందఱనో నవ్వించినది. నటుని ప్రజ్ఞను కాదనలేము. ఆంధ్రులును నవ్వి యుందురు. కాని అట్టి వెక్కిరింపు యాస తెరమీదనే నిలిచిపోదు. బడిలో తోటివాడు దానిని అనుకరించినచో, పిల్లవాడు ప్లాట్‌ఫారముమీద తల్లితో తెలుగున మాటాడుటకే వెనుదీయును. సమానత్వమను పెద్ద మాటకు లోకములోని అర్థము అంతటి చిన్న చనువే.

అయినచో ఇట్టి పేర్లన్నియు తుడిచివేయవలెనా? రైల్వే చరిత్ర తొందరపడవలదనుచున్నది. కంపెనీల కాలమున డ్రైవరు, గార్డు వంటి కొలువులలో యూరోపియనులకును ఆంగ్లో ఇండియనులకును ముందు పీట. వినోదశాలలు సైతము వేఱువేఱు. అచ్చట జాతిపేరు తలుపునకు వేసిన గడియ. స్వరాజ్యము వచ్చిన పిదప అదే పేరు వేఱొక పని చేసినది. ఆంగ్లో ఇండియనులు ఒక్కసారిగా జీవనాధారము కోల్పోకుండుటకై రాజ్యాంగము 336వ అధికరణమున రైల్వే, కస్టమ్స్, తంతి తపాలా శాఖలలో వారికి రక్షణ కల్పించినది. మొదటి రెండేండ్లు 1947 ఆగస్టు 15కు పూర్వపు పద్ధతినే నియామకములు, ఆపై ప్రతి రెండేండ్లకు సుమారు నూటికి పది చొప్పున తగ్గింపు, పదియేండ్లకు సమాప్తి. 1960 జనవరితో అది ముగిసినది. లోక్‌సభలో వారికి గల నామినేషను స్థానములును 2020 జనవరితో ఆగిపోయినవి. ఈ రెండవ ముగింపు సమంజసమా యను చర్చ వేఱు. ఆ పేరు ఎవరిది, దేనికి, ఎంతకాలము అని శాసనము వ్రాసి చూపినది. సినిమా తగిలించిన పేరునకు అట్టి గడువేదియు లేదు. పేరే లేకున్న, ఏ వర్గమువారు ఏ మెట్టున ఆగిపోయిరో లెక్క తీయుటయు సాధ్యము కాదు.

ఇక ఆంధ్రులు నిర్దోషులా? పరభాషలో తమ పేరు చెడినదని నొచ్చుకొనువారే, ఇరుగుపొరుగువారి ఇంటి భాష ఛత్తీస్‌గఢీ యని యెఱిగియు, ‘హిందీవాళ్లు’ అని తేల్చివేయుట కలదు. ఆ పొరుగువారి పెద్దలు బొగ్గుగనులకు వలసపోయిన చోట ‘బిలాస్‌పురీ’లైరి. అచ్చట ఆ ఊరిపేరు వినినంతనే మేస్త్రీకి తట్ట, పలుగు గుర్తుకు వచ్చెడివి. మనిషి గుర్తుకు వచ్చుట అరుదు.

ఈ కాలనీలో పుట్టి పెరిగిన మూడవ తరము పిల్లలు వేసవి సెలవులకు శ్రీకాకుళము పోయినపుడు, వారి తెలుగు విని అచ్చటి బంధువులు నవ్వుచు ‘హిందీవాళ్లు వచ్చినారు’ అందురు.