కిరీటము దక్కని జట్లు
పాఠశాల వార్షికోత్సవమునందు తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము



ఆటల పోటీలు ముగిసినవి. బహుమతులు పంచుటకు ముందు నాలుగు మాటలు చెప్పుడని మమ్ము కోరినారు. ఈ బల్లపై నున్న కప్పులు కొన్ని. ఎదుట కూర్చున్న బాలబాలికలు అనేకులు. కప్పు దక్కని బిడ్డ ఈ సాయంకాలము ఇల్లు చేరినపుడు మనము ఏమందుము? ఈ ప్రశ్నను మనసునం దుంచుకొని, అమెరికా దేశపు ఎన్.బి.ఏ. బాస్కెట్‌బాల్ చరిత్రనుండి మూడు కాలములకు చెందిన మూడు జట్లను మీ ముందుంచుచున్నాము. మూడును గొప్పవే, మూడింటికిని కిరీటము దక్కలేదు.

మొదటిది 1960 తరువాతి దశాబ్దమునాటి లాస్ ఏంజిలిస్ లేకర్స్ జట్టు. ఎల్జిన్ బేలర్, జెర్రీ వెస్ట్ దానికి రెండు కన్నులు. 1962, 1963, 1965, 1966, 1968, 1969 సంవత్సరములలో ఆరు మారులు తుదిపోటీకి వచ్చి, ఆరు మారులును బోస్టన్ సెల్టిక్స్ చేతనే ఓడిరి. 1962లో ఐదవ ఆటయందు బేలర్ ఒక్కడే 61 పాయింట్లు చేసెను. ఏడవ ఆట సరిసమానముగా నుండగా సెల్వీ వేసిన కడపటి బంతి గుండములో పడలేదు. అదనపు సమయమున మూడు పాయింట్లతో ఓటమి కలిగెను. 1969లో స్వస్థలముననే ఏడవ ఆటను రెండు పాయింట్లతో పోగొట్టుకొనిరి. విజయోత్సవమునకై పైకప్పున కట్టిన బుడగలు క్రిందికి దిగనే లేదు. ఐనను తుదిపోటీలో ఉత్తమ క్రీడాకారుని బహుమతి ఓడిన జట్టువాడైన వెస్ట్‌కు లభించినది. ఓడిన జట్టులో మరెవ్వరికిని నేటివరకు ఆ గౌరవము దక్కలేదు. 1972లో ఆ క్లబ్బు గెలుచునప్పటికి, మోకాలి బాధచే బేలర్ ఆ ఋతువు తొలిదినములలోనే ఆటనుండి విరమించి యుండెను.

రెండవది యూటా జాజ్. జాన్ స్టాక్టన్ బంతి నందించుటయు, కార్ల్ మలోన్ దానిని బుట్టలో వేయుటయు 18 ఋతువులు సాగినవి. 1996-97లో 82 ఆటలకు 64 గెలిచిరి. ఆ యేడును, మరుసటి యేడును తుదిపోటీలో చికాగో బుల్స్ ఎదురు వచ్చిరి. 1998లో ఆరవ ఆట ముగియుటకు ఐదు క్షణములు మిగిలి యుండగా మైకేల్ జోర్డన్ వేసిన బంతి ఒక్క పాయింటుతో వారిని ఓడించెను.

మూడవది 2002 నాటి సాక్రమెంటో కింగ్స్. సెర్బులైన దివాచ్, స్టొయాకొవిచ్, టర్కీ దేశీయుడైన తుర్కోగ్లూ, అమెరికనులైన వెబర్, బిబీ మొదలగువారు, వేర్వేరు మాతృభాషలవారయ్యును, ఒక్క మనసుతో బంతి నందుకొని ఆడిరి. 82 ఆటలకు 61 గెలిచిరి. కాని పశ్చిమ విభాగపు తుదిపోటీలో లేకర్స్‌తో ఏడు ఆటలు పోరాడి ఓడిరి. ఆరవ ఆటలో తీర్పరుల నిర్ణయములను నేటికిని పలువురు విమర్శింతురు. ఐనను ఏడవ ఆటలో, ఎవ్వరును అడ్డగింపని ఫ్రీ త్రోలు 30 లభింపగా 16 మాత్రమే బుట్టలో పడినవి. తక్కిన పదునాలుగింటికి తీర్పరులను నిందింప వీలులేదు.

వీనిలో ఏది మిన్న? పాయింట్లతో తూచుట న్యాయము కాదు. 1962లో ఎన్.బి.ఏ. జట్లు తొమ్మిది, 1997లోను 2002లోను ఇరువదితొమ్మిది. మూడు పాయింట్ల గీత 1979-80లోగాని రాలేదు. కాబట్టి ఎవరిచే ఓడిరి, ఓడి యెన్ని మారులు మరలి వచ్చిరి అను రెండు కొలతలే మేము గైకొనుచున్నాము. బిల్ రసెల్ ఆడిన 13 ఏండ్లలో బోస్టన్ 11 మారులు గెలిచినది. చికాగో 8 ఏండ్లలో 6 మారులు. 2002 నాటి లేకర్స్ వరుసగా మూడు మారులు. జట్లు తక్కువైన కాలమున తుదిపోటీ చేరుట కొంత సులభమన్న మాట నిజమే. ఐనను ఒకే ప్రత్యర్థిచే ఓడి, మరల అతని యెదుటనే ఆరు మారులు నిలిచిన బేలర్, వెస్ట్‌ల జట్టువైపే మా త్రాసు మొగ్గుచున్నది.

తల్లులారా, తండ్రులారా! ఓటమి దానంతట అదే గొప్పది కాదు. సాక్రమెంటోవారివలె తప్పిన బంతులను లెక్కించుకొనవలెను. లేకర్స్‌వలె మరల రావలెను. కప్పు దక్కని బిడ్డను ఈ రాత్రి "ఎందు కోడితివి?" అని అడుగకుడు. ముందు అన్నము పెట్టుడు. పిదప "రేపు మైదానమునకు ఎన్ని గంటలకు పోవుదువు?" అని అడుగుడు. ఆ ప్రశ్నకు బిడ్డ చెప్పు జవాబే మన పాఠశాలకు రాగల బహుమతి యని మా నమ్మకము.