హెంప్ నారు తెచ్చేముందు చట్టం తెలుసుకుందాం
(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హెంప్ వేస్తే లాభాలని, నారు మేమే ఇచ్చి పంట మేమే కొంటామని ఎవరైనా మన గడప తొక్కితే, మనం ముందు అడగాల్సింది ధర కాదు, లైసెన్సు.

మొదట పేర్ల గందరగోళం తీర్చుకుందాం. పచ్చిరొట్టకు మనం చల్లే జనుమును ఇంగ్లీషులో సన్ హెంప్ అంటారు. గోగునారకు బిమ్లి జూట్ అని పేరు. ఇవి వేరే మొక్కలు, వీటితో పేచీ లేదు. హెంప్ మాత్రం గంజాయి జాతి మొక్కే. మత్తునిచ్చే టీహెచ్‌సీ అందులో తక్కువ, అంతే తేడా.

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ఆ తేడాను చూడదు. ఆ జాతిలో ఏ మొక్కైనా గంజాయి మొక్కే. నారుమడిలో ఉన్నా, పూతకొచ్చినా ఒకటే. అనుమతి లేకుండా పెంచితే పదేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. తన భూమిలో అక్రమంగా పెరుగుతోందని తెలిసీ చెప్పని భూయజమానికీ 46వ సెక్షన్ కింద శిక్ష ఉంది. భూమి కౌలుకిచ్చినవారు ఇది గమనించాలి.

నార కోసం, గింజ కోసం సాగుకు అనుమతినిచ్చే అధికారం 14వ సెక్షన్ ప్రభుత్వానికిచ్చింది. ఉత్తరాఖండ్ అలాగే 0.3 శాతం టీహెచ్‌సీ పరిమితితో లైసెన్సులిచ్చింది.

అసలు చిక్కు నారు దగ్గరే ఉంది. టీహెచ్‌సీ ఎక్కువగా చేరేది ఆడ మొక్క పూతలో. లేత మొక్కను పరీక్షిస్తే రేపటి పంట సంగతి తేలదు. అందుకే అమెరికాలో 2021 నిబంధనల ప్రకారం కోతకు ముందు 30 రోజుల్లోపు పూత కొసల నుంచి నమూనా తీస్తారు. పరిమితి దాటిన పంటను అమ్మనివ్వరు. అంటే నారుకు అసలైన పూచీ విత్తనం, తల్లి మొక్కల ధ్రువీకరణే. ఆ కాగితం లేకుండా నారు కొంటే, నష్టం అమ్మినవాడిది కాదు, మనది.

కాబట్టి మనం కోరేది ఇదీ: ఈ పంటకు ఎక్కడ అనుమతిచ్చినా నర్సరీకి లైసెన్సు, ప్రతి నారు లాటుకు ధ్రువపత్రం తప్పనిసరి చేయాలి. రైతు తప్పు లేకుండా పరిమితి దాటితే పరిహారం విత్తన సంస్థే కట్టాలి, రైతుపై కేసు పెట్టకూడదు. కౌలురైతు పేరిట కూడా లైసెన్సు ఇవ్వాలి.

అప్పటిదాకా ప్రభుత్వ లైసెన్సు మన పేరిట, మన సర్వే నంబరుతో చేతికి రానిదే ఒక్క మొక్క కూడా నాటవద్దు. నోటిమాట నమ్మి జైలుపాలు కావద్దు.