గర్భిణి భోజనము - బిడ్డ ఆరోగ్యము
(పిక్కిలిలో మన తెలుగు కుటుంబముల సమావేశమునందు చేసిన ప్రసంగము)



నేను వైద్యుడను కాను. మెట్రిక్యులేషను వరకు చదివి పప్పుదినుసుల వ్యాపారము చేసికొనుచున్నవాడను. అయినను ఈ విషయమును మీ ముందుంచుటకు కారణము కలదు. మా చెల్లెలు కడుపుతో పుట్టింటికి వచ్చినప్పుడు, "ఎక్కువ తినినచో బిడ్డ పెరిగి కాన్పు కష్టమగును" అని మా పెద్దలు ఆమె కంచములో అన్నము తగ్గించిరి. నేనును వారింపలేదు. పుట్టిన ఆడబిడ్డ రెండు కిలోలకు మించలేదు. "చిన్నబిడ్డయైన నేమి? పాలు పోసి పెంచుకొందము" అనుకొంటిమి. ఆ మాట ఎంతవరకు సరియో విచారింతము.

తల్లి ఇన్సులిన్ మాయను దాటి బిడ్డకు చేరదు. బిడ్డ తన క్లోమము నుండియే దానిని తయారు చేసికొనవలెను. తల్లికి తిండి చాలనప్పుడు గర్భస్థ శిశువు మెదడును కాపాడుకొనుటకై కండరములకును, క్లోమము వంటి అవయవములకును తగ్గించుకొనును. ఇట్లు కొరతకు అలవాటుపడిన శరీరమునకు పిమ్మట తిండి హెచ్చైనచో అది మధుమేహమునకు దారితీయవచ్చునని పరిశోధకుల అభిప్రాయము.

పూణే నగరమున డాక్టరు యాజ్ఞిక్ గారును, వారి సహచరులును అచ్చటి శిశువులను లండనులోని తెల్లవారి శిశువులతో పోల్చి 2002లో ఫలితములు ప్రకటించిరి. పూణే శిశువుల సగటు బరువు సుమారు 2.8 కిలోలు, లండను శిశువులది సుమారు 3.5 కిలోలు. అయినను బొడ్డుతాడు రక్తములో ఇన్సులిన్ మన బిడ్డలకే హెచ్చుగా నుండెను. కొవ్వు నుండి పుట్టు లెప్టిన్ అను హార్మోను సయితము వారి బరువునుబట్టి చూడగా హెచ్చే. అనగా బిడ్డ చూచుటకు సన్నము. లోపల కండ తక్కువ, కొవ్వు ఎక్కువ.

మరి దీనికి ఉపాయము లేదా? హైదరాబాదు సమీపమున 29 గ్రామములలో 1987 నుండి 1990 వరకు జాతీయ పోషకాహార సంస్థ ఒక ప్రయత్నము చేసినది. 15 గ్రామములలో గర్భిణులకును, ఆరేండ్లలోపు పిల్లలకును ప్రతిదినము ఉప్మా పెట్టిరి. తక్కిన 14 గ్రామములకు అప్పటికి ఆ సదుపాయము లేదు. ఆ పిల్లలు 13 మొదలు 18 ఏండ్లవారైన పిమ్మట పరీక్షింపగా, ఉప్మా అందిన గ్రామములవారు తక్కినవారికంటె సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవుండిరి. ఇన్సులిన్‌కు శరీరము లొంగకుండు గుణము వారిలో 20 శాతము తక్కువ. ఈ ఫలితములు 2008లో వెలువడినవి. ఇది గర్భమునాటి తిండి ఫలమో, పసితనపు తిండి ఫలమో విడదీసి చెప్పజాలము. కావున రెండును కావలెను.

సీమంతమునాడు గాజులు తొడిగి, చీర పెట్టి, మరునాటి నుండి కోడలిని అందరి తరువాత మిగిలినది తినుమనుట న్యాయమా? ఆమె కంచములో రాగిసంకటితోబాటు పప్పు, ఆకుకూర, వేరుసెనగ, పాలు, తినువారికి గ్రుడ్డు ఉండవలెను. అంగన్వాడీలో ఇచ్చు సత్తుమావును "మనవంటివారికి నామోషి" అని త్రోసిపుచ్చవద్దు. ఇనుము మాత్రలు మానరాదు. బరువును, రక్తములోని చక్కెరను వైద్యులచే చూపించుకొని, వారి సలహా మేరకు తినవలెను.

మన సంఘము పేరు వ్రాసి ఇచ్చిన ప్రతి గర్భిణికి కాన్పు వరకు నెలకు రెండు కిలోల కందిపప్పు నా అంగడి నుండి పంపెదను. ఇది దానము కాదు. నేను తీర్చవలసిన బాకీ. నా మేనకోడలు తక్కువ బరువుతో పుట్టుట తల్లి తప్పు కాదు. కంచము తగ్గించిన మా అందరిది. అట్టి తప్పు మన ఇండ్లలో మరల జరుగకుండుగాక.