ప్రోగ్రామునకు టీక
(జంషెడ్‌పూరు తెలుగు ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగము)



కంప్యూటరు ప్రోగ్రాములో రెండు తెగల వ్రాత యుండును. ఒకటి యంత్రము పాటించునది. రెండవది యంత్రము విడిచిపెట్టునది. ఈ రెండవదానినే కామెంటు అందురు. అది కేవలము మనుష్యుని కొఱకు వ్రాసినది. మన సంప్రదాయములో దీనికి టీక యని పేరు. కాళిదాస కావ్యములకు టీకలు రచించిన మల్లినాథసూరి మెదకు సీమ వాడని ప్రసిద్ధి. ఆధారము లేనిది వ్రాయననియు, అక్కఱ లేనిది పలుకననియు ఆయన చేసిన ప్రతిన ప్రోగ్రాములు వ్రాయువారికిని శిరోధార్యము.

నేను పూర్వము పనిచేసిన యొక కార్యాలయమున జీతముల ప్రోగ్రామొకటి యుండెడిది. అందొక పంక్తిపై 'దీనిని మార్చరాదు' అని మాత్రము వ్రాసియుండెను, కారణము లేదు. వ్రాసినవారు బదిలీయై పోయిరి. నేను ఆ పంక్తిని తొలగించితిని. ఆ నెల, బదిలీపై క్రొత్తగా వచ్చినవారి అప్పు వాయిదా రెండుమార్లు కోతపడినది. అందొక బంట్రోతుగారి యింట ఆ నెలలోనే పెండ్లి. ఆయన నా బల్ల చెంత నిలిచి, మాటాడక జీతపు చీటీ చూపిన క్షణమును నేటికిని మఱువలేను. 'పాత కార్యాలయమువారు ఈ నెల వాయిదా కోసియున్నారు. కావున ఇచట కోయరాదు' అని యొక్క వాక్యమున్న చాలియుండెడిది.

ఇక వ్యాకరణము. జావా భాషకు సన్ సంస్థ కూర్చిన నియమములు 'లెక్కించును' వంటి క్రియను కోరినవి. పైథాన్ భాషకు 2001లో వెలువడిన పెప్ 257 అను నియమపత్రము 'లెక్కించుము' అను విధ్యర్థకమును కోరినది. ఏదైనను సరియే, ఒకే ప్రోగ్రామున రెండును కలిపినచో చదువరి తికమకపడును. మన తెలుగువారికి కర్తను విడుచుట అలవాటు. 'సరిచూడవలెను' అన్నచో, ప్రోగ్రాము సరిచూడవలెనా, ముందు వచ్చు ఉద్యోగి సరిచూడవలెనా? కర్తను చెప్పిన సందేహముండదు. పంక్తి మారినపుడు దాని టీకయు మారవలెను. అబద్ధమాడు టీక కంటె టీక లేకుండుటయే మేలు.

ఈ యూర తెలుగు, బంగాళీ, ఒడియా, హిందీ, సంతాలీ మాటాడువారు ఒకే గదిలో కూర్చుండి పనిచేయుదురు. కావున టీక మన కిష్టమైన భాషలో గాక, తరువాత చదువువారికి తెలిసిన భాషలో నుండుట ధర్మము.

బదిలీలు మనకు తప్పవు. వీడ్కోలు సభలోని పూలమాల మఱునాటికి వాడును. మన కుర్చీలో కూర్చుండువారికి మనము విడిచిపోవు మర్యాద ఆ టీకయే. సెలవు.